హాలె విశ్వవిద్యాలయం: గడప దాటినవాళ్ళు, దాటనివాళ్ళు

మొదటి తెలుగు అచ్చు పుస్తకం ఎక్కడ పుట్టిందని అడిగితే మన సాహిత్య చరిత్రకారులు జర్మనీలో హాలె అనే ఊళ్ళో, 1746లో అని ఒక్క వాక్యం చెప్పి దాటిపోతారు. జె. మంగమ్మ లాంటివాళ్ళు ఒకరిద్దరు అచ్చు చరిత్రను శ్రద్ధగా తవ్వి రాశారు. మిగతావాళ్ళకు హాలె ఒక క్విజ్ ప్రశ్న. కానీ ఆ ఊళ్ళో మూడు వందల ముప్పై ఏళ్ళు దాటిన ఒక విశ్వవిద్యాలయం ఉంది. తెలుగు అక్షరాలను సీసంలో పోతపోసి అచ్చువేసిన ఆ రోజుల్లోనే, ఆ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన ఒక ఆఫ్రికన్ తత్వవేత్త హేళన పద్యాల పాలై జర్మనీ వదిలిపోయాడు. ఈ రెండూ ఒకే కథలోవని మేం అనుకుంటున్నాం. విడివిడిగా చెబితే రెండూ వింతలు. కలిపి చెబితేనే చరిత్ర.

జర్మన్ విశ్వవిద్యాలయం అనగానే మన అగ్రవర్ణ మేధావులకు గుర్తొచ్చేది సంస్కృతం. మాక్స్ ముల్లర్‌ని మోక్షమూలర భట్టును చేసి జంధ్యం వేసినంత పని చేశారు. హాలెకు ఆ యోగం పట్టలేదు. మన దేశం నుంచి అక్కడికి మొదట చేరినవి తరంగంబాడి తమిళం, మద్రాసు తెలుగు. బహుశా అందుకే దాని గురించి మనవాళ్ళు పెద్దగా మాట్లాడరు. పల్లె బడి గడప దాటడానికే తరాలు పట్టిన మనకు, ఒక విశ్వవిద్యాలయం ఎవరి కోసం పుట్టింది, ఎవర్ని రానిచ్చింది, రానిచ్చినవాళ్ళని ఏమని రానిచ్చింది అన్నవి చిన్న ప్రశ్నలు కావు. సంప్రదాయం అని వాళ్ళు గర్వంగా చెప్పుకునేదాన్ని మనం ఆ గడప దగ్గర నిలబడి చూడాలి.

హాలె ఉప్పు ఊరు. ఉప్పునీటి బావుల మీద బతికిన ఊరు. ఆ నీళ్ళు కాచి ఉప్పు తీసే కార్మికుల్ని హల్లోరులంటారు. వాళ్ళ సంఘం విశ్వవిద్యాలయం కన్నా పాతది. 1694లో బ్రాండెన్‌బుర్గ్ పాలకుడు మూడో ఫ్రెడెరిక్ ఇక్కడ విశ్వవిద్యాలయం పెట్టాడు. తన రాజ్యానికి ఉద్యోగులు, న్యాయాధికారులు, చర్చికి పాస్టర్లు కావాలి. ఈ పాలకుడే తర్వాత 1701లో ప్రష్యా రాజయ్యాడు. ఆయన గురించి విశ్వవిద్యాలయ ఉత్సవాల్లో చెప్పే మాటలు చాలా ఉన్నాయి. ఐతే ఒకటి కూడా కలిపి చెప్పుకోవాలి: ఆయన తండ్రి కాలంలో, 1683లో, బ్రాండెన్‌బుర్గ్ వాళ్ళు పశ్చిమాఫ్రికా తీరంలో ఒక కోట కట్టారు. దాని పేరు గ్రోస్ ఫ్రెడెరిక్స్‌బుర్గ్. ఇప్పటి ఘానాలో, ఆక్సిమ్ అనే ఊరికి దగ్గర్లో ఉంది. అక్కడి నుంచి వాళ్ళ కంపెనీ వేలమంది ఆఫ్రికన్లను బానిసలుగా ఓడలెక్కించింది. 1717 దాకా ఆ కోట ప్రష్యాదే. విశ్వవిద్యాలయం పునాదిరాయి, ఆ కోట రాయి ఒకే ఖజానా కింద ఉన్నాయి. ఆక్సిమ్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

విశ్వవిద్యాలయం తొలి పేర్లలో పెద్దది క్రిస్టియన్ తొమాసియస్. ఈయన లైప్‌జిగ్‌లో ఉండగా 1687లో, పాఠం జర్మన్ భాషలో చెబుతానని జర్మన్‌లోనే నోటీసు అంటించాడు. అప్పటికి విశ్వవిద్యాలయం అంటే లాటిన్. రైతు మాట్లాడే భాష, కూలి మాట్లాడే భాష తరగతి గదిలోకి రావడమేమిటని పండితులు మండిపడ్డారు. ఈ మంట మనకు తెలియంది కాదు. చర్చి పెద్దలతో ఇతర తగాదాలు కూడా కలిసి 1690లో ఆయన్ని లైప్‌జిగ్‌లో పాఠం చెప్పనివ్వకుండా, రాయనివ్వకుండా చేశారు. ఆయన హాలె వచ్చేశాడు. ఆయన వెంట వచ్చిన విద్యార్థులే ఒకరకంగా ఈ విశ్వవిద్యాలయానికి తొలి పునాది. 1701లో మంత్రగత్తెల మీద విచారణలు శాస్త్రానికీ న్యాయానికీ నిలవవని తేల్చే సిద్ధాంత గ్రంథం తెచ్చాడు, 1705లో చిత్రహింసలు పెట్టి నేరం ఒప్పించడానికి వ్యతిరేకంగా ఇంకొకటి. బాణామతి నెపం మీద మనుషుల్ని కొట్టి చంపడం చూసినవాళ్ళం కాబట్టి ఈ పని విలువ మనం తక్కువ చెయ్యలేం. ఐతే తొమాసియస్ జర్మన్‌లో ఎవరికి చెప్పాడు? ప్రభువుల కొడుకులకి, పెద్దింటి యువకులకి. ఆయన మొదటి జర్మన్ పాఠం విషయమే ఫ్రెంచివాళ్ళని ఏ మేరకు అనుకరించాలి అని! భాష గడప దాటింది గానీ, ఆ భాష మాట్లాడే కూలి దాటలేదు.

కూలివాళ్ళ పిల్లల గురించి ఆలోచించినవాడు ఇంకొకాయన, ఆగుస్ట్ హెర్మన్ ఫ్రాంకె. ఈయనా లైప్‌జిగ్, ఎర్‌ఫుర్ట్ ఊళ్ళ నుంచి తరిమివేతకు గురైనవాడే. హాలె పక్కన గ్లౌఖా అనే పేద వాడలో పాస్టరు, విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. 1695లో పేదపిల్లల బడి మొదలుపెట్టాడు, దాంతోపాటే అనాథాశ్రమం. 1727లో ఆయన చనిపోయేనాటికి ఆ బడుల్లో రెండు వేల మందికి పైగా పిల్లలున్నారు. విశ్వవిద్యాలయంలో డబ్బుల్లేని విద్యార్థులు ఆ బడుల్లో పాఠాలు చెప్పి బదులుగా అన్నం తినేవాళ్ళు. పూట కూటికి చదువు ఆపుకున్న ఎందరో ఆ బల్ల దగ్గర నిలబడగలిగారు. మన సంక్షేమ హాస్టళ్ళలో తిని చదువుకున్నవాళ్ళెవరూ దీన్ని తేలిగ్గా తీసుకోరు.

కానీ ఫ్రాంకె బడులు ఒక్క బడి కాదు, అంతస్తుల మేడ. ప్రభువుల పిల్లలకు ఒక విద్యాలయం, విశ్వవిద్యాలయానికి వెళ్ళబోయే పట్టణ పెద్దల పిల్లలకు లాటిన్ బడి, చేతిపని చేసుకునేవాళ్ళకు, పేదలకు జర్మన్ బడి. ఎవరి పుట్టుకకు తగ్గ చదువు వాళ్ళకి. తెలివైన అనాథ కుర్రాడు అప్పుడప్పుడు లాటిన్ బడికి ఎక్కేవాడు, నిజమే. ఐతే ఆ ఎక్కడం ఆచార్యుడి పరిశీలన మీద, ఇష్టం మీద ఆధారపడింది. దయ అంటే ఇదే. దయ తలుపు తీస్తుంది, తాళంచెవి మాత్రం చేతిలోంచి వదలదు.

ఆ దయగలవాళ్ళ చేతులే నోళ్ళు కూడా మూశాయి. క్రిస్టియన్ వోల్ఫ్ అనే తత్వశాస్త్ర ఆచార్యుడు 1721లో చైనా వాళ్ళ నీతిశాస్త్రం మీద ప్రసంగించాడు. క్రీస్తు పేరు తెలియకుండానే కన్ఫ్యూషియస్ దేశం మంచిచెడ్డల వివేకం సాధించిందని దాని సారం. ఫ్రాంకె వర్గం రాజుకు ఫిర్యాదు చేసింది. 1723 నవంబరులో రాజు ఆజ్ఞ వచ్చింది: 48 గంటల్లో ప్రష్యా వదలకపోతే ఉరి. వోల్ఫ్ మార్‌బుర్గ్ వెళ్ళిపోయాడు. కొత్త రాజు పిలిస్తే 1740లో తిరిగొచ్చాడు. స్వేచ్ఛాలోచనకు పుట్టిల్లు అని హాలెను పొగిడే పుస్తకాలు ఈ తిరిగి రావడాన్ని పెద్దగా రాస్తాయి. వెళ్ళగొట్టింది రాజే, పిలిచింది రాజే అన్నది మాకు ముఖ్యంగా కనబడింది.

ఆమో

ఇప్పుడు ఆక్సిమ్ దగ్గరికి వద్దాం. అక్కడే సుమారు 1703లో ఆమో పుట్టాడు. చిన్నపిల్లవాడిగా డచ్చి వెస్టిండియా కంపెనీ ఓడలో ఆమ్‌స్టర్‌డామ్ చేరాడు. ఎత్తుకొచ్చారా, కొన్నారా, చదివించమని ఎవరైనా పంపారా అన్నదానిమీద చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. జర్మనీలో వోల్‌ఫెన్‌బ్యుట్టెల్ డ్యూక్ ఆంటన్ ఉల్రిచ్‌కు ఆ పిల్లవాణ్ణి కానుకగా ఇచ్చారు. కానుకగా, ఒక చిలకనో గుర్రాన్నో ఇచ్చినట్టు. బాప్తిస్మంలో డ్యూకు పేరు, డ్యూకు కొడుకు పేరు కలిపి ఆంటన్ విల్‌హెల్మ్ అని పెట్టారు. ఆమో అన్న పేరు మాత్రం ఆయన వదల్లేదు. తర్వాత తన పుస్తకాల మీద గినియా ఆఫ్రికన్ అని కూడా వేసుకున్నాడు. ఏ గుర్తుతో తనని చిన్నచూపు చూశారో ఆ గుర్తునే ముఖపత్రం మీద అచ్చేసుకున్నాడు. మాదిగ అని, మాల అని ఇంటిపేరు పక్కన రాసుకుంటున్న మన తరం ఈ పనిని వెంటనే గుర్తుపడుతుంది.

1727 జూన్‌లో ఆమో హాలె విశ్వవిద్యాలయంలో చేరాడు. 1729లో, న్యాయశాస్త్ర విభాగంలో, ఛాన్సలర్ లూడెవిగ్ అధ్యక్షతన ఒక బహిరంగ వాదం చేశాడు. విషయం: యూరపులో నల్లవాళ్ళ హక్కులు. ఆఫ్రికా రాజులు ఒకప్పుడు రోమన్ చక్రవర్తి సామంతులుగా గుర్తింపు పత్రాలు పొందారనీ, జస్టీనియన్ కాలం దాకా అవి నడిచాయనీ చెబుతూ, క్రైస్తవులు కొన్న ఆఫ్రికన్ల స్వేచ్ఛ ఎంత, బానిసత్వం ఎంత అని చట్టం ముందు ప్రశ్న పెట్టాడు. గమనించండి, ఆయన జాలి అడగలేదు. బైబిల్లో దయ గురించి ఏముందో చెప్పలేదు. వాళ్ళు నెత్తిన పెట్టుకునే రోమన్ చట్టంలోకే వెళ్ళి, మీ కాగితాలే చూపండి అన్నాడు. మనుస్మృతి విప్పి మన వాళ్ళు అడిగినట్టు కాదు, రాజ్యాంగం విప్పి అడిగినట్టు. విశ్వవిద్యాలయం దయగా లోపలికి తెచ్చిన మనిషి లోపల నిలబడి అడిగిన మొదటి మాట హక్కు.

ఆ తర్వాత ఆయన విట్టెన్‌బెర్గ్ వెళ్ళి మాస్టరు పట్టా తీసుకున్నాడు. ఈ విట్టెన్‌బెర్గ్ విశ్వవిద్యాలయం 1502లో పుట్టింది. మార్టిన్ లూథర్ ఆచార్యుడిగా ఉండి 1517లో పాపక్షమాపణ పత్రాల అమ్మకం మీద ధ్వజమెత్తింది అక్కడే. 1733లో శాక్సనీ పాలకుడు ఆ ఊరికి వచ్చినప్పుడు స్వాగత ఊరేగింపులో విద్యార్థుల ముందు నడిచినవాడు ఆమో. 1734లో ఆయన సిద్ధాంత గ్రంథం వచ్చింది. నొప్పి, వేడి, చలి లాంటి సంవేదనలు మనసువి కావు, ప్రాణమున్న శరీరానివి అన్నది దాని వాదన. డెకార్ట్ వాదంలోని తడబాటు పట్టుకుని సాగుతుంది. చాలామంది దీన్ని తత్వశాస్త్రంలో సాంకేతిక చర్చగా చదువుతారు. కావచ్చు. కానీ శరీరాల్ని అమ్ముకునే తీరం నుంచి వచ్చినవాడు శరీరానికే నొప్పి తెలుస్తుందని లాటిన్‌లో రాయడం మాకు వట్టి సాంకేతిక సంగతిగా అనిపించలేదు. 1736 నుంచి మళ్ళీ హాలెలో పాఠాలు చెప్పాడు. 1738లో సరైన తాత్విక పద్ధతి మీద పెద్ద గ్రంథం వేశాడు. 1739లో యేనా వెళ్ళాడు.

ఈలోగా ఆశ్రయమిచ్చిన డ్యూకులు ఒక్కొక్కరే చనిపోయారు. 1743లో లూడెవిగ్ పోయాడు. పోషకుడు పోతే ఆమోకి నిలబడే చోటు లేదు, ఎందుకంటే ఆయనకు జీతమున్న ఆచార్య పదవి ఎవరూ ఇవ్వలేదు. 1747లో ఫిలిప్పి అనే కవి ఆయన్ని ఎగతాళి చేస్తూ పద్యాలు వేశాడు. నల్ల పండితుడు తెల్ల యువతిని ప్రేమించడం, ఆమె తిరస్కరించడం అందులో వినోదం. చదువులో సమానమైతే ఓర్చుకున్నవాళ్ళు ప్రేమ దగ్గర ఓర్చుకోలేదు. ఈ కథ మనకు విడమర్చి చెప్పాల్సిన పనిలేదు. ఆ రోజుల్లోనే ఆమో ఓడెక్కి ఆక్సిమ్ చేరాడు. 1753లో గాలండా అనే వైద్యుడు ఆయన్ని అక్కడ కలిశాడు. తండ్రి, చెల్లెలు బతికే ఉన్నారని, ఒక సోదరుడు సురినాంలో బానిసగా ఉన్నాడని ఆయన రాసిపెట్టాడు. ఒకడు హాలెలో తర్కం బోధించాడు, తోడబుట్టినవాడు సురినాంలో బానిస చాకిరీ చేశాడు. దయకూ హక్కుకూ తేడా ఏమిటంటే ఇదీ అని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? దయ ఒక్కణ్ణి ఏరుకుంటుంది. తోడబుట్టినవాడు దాని లెక్కలోకి రాడు.

అంబేడ్కర్‌కి కూడా మొదట 1913లో కొలంబియా దారి తెరిచింది బరోడా రాజు స్కాలర్‌షిప్పే. అదే బరోడాలో 1917లో ఉద్యోగంలో చేరితే ఉండడానికి చోటు దొరకలేదు. ఆయన జర్మనీలో బాన్ విశ్వవిద్యాలయంలో కూడా పేరు రాయించుకున్నారు గానీ అక్కడ చదువు సాగలేదు. అంబేడ్కర్ ఆ రాజదయను ఒక్కడి అదృష్టంగా మిగలనివ్వలేదు. స్కాలర్‌షిప్పుని, సీటుని, ఉద్యోగాన్ని చట్టంలోకి ఎక్కించే పనిలో జీవితం పెట్టారు. ఆమోకి ఆ వీలు లేదు. ఆయన వెనక ఒక వాడ లేదు, ఒక ఉద్యమం లేదు. సముద్రం అవతలి మనుషుల తరఫున యూరపులో ఒక్కడే నిలబడ్డాడు.

తెలుగు అక్షరం, తమిళ గుడి

ఆమో హాలెలో చదువుకుంటున్న కాలంలోనే మద్రాసులో బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చుకుంటున్నాడు. డెన్మార్కు రాజు పంపగా, హాలె వాళ్ళు మనుషుల్ని తయారుచెయ్యగా నడిచిన మిషన్ అది. 1706లో జీగెన్‌బాల్గ్, ప్లుచావ్ తరంగంబాడిలో దిగారు. జీగెన్‌బాల్గ్ హాలెలో కొంతకాలం చదివినవాడు. తమిళ అక్షరాల అచ్చులు హాలె నుంచే వచ్చాయి. తమిళుల దేవతల మీద ఆయన 1713లో ఒక పెద్ద పుస్తకం రాసి పంపితే ఫ్రాంకె అచ్చువెయ్యనివ్వలేదు. అన్యమతాన్ని పెరికెయ్యమని పంపితే దాని వివరాలు యూరపులో పంచుతావా అన్నది ఆయన కోపం. అది 1867లో గానీ అచ్చు కాలేదు.

షుల్జ్ 1719లో వచ్చాడు. తోటివాళ్ళతో పడక 1726లో మద్రాసు చేరాడు. 1728 నాటికి తెలుగు వ్యాకరణం లాటిన్‌లో రాశాడు. బైబిలు తెలుగు చేశాడు, అది అచ్చు కాలేదు. ఆయన తెలుగుని వడుగు అనే తమిళ మాట నుంచి వచ్చిన పేరుతో పిలిచాడు. 1743లో హాలె తిరిగివెళ్ళి, 1746, 1747 సంవత్సరాల్లో లూథర్ చిన్న ప్రశ్నోత్తరి, మరికొన్ని చిన్న మత గ్రంథాలు తెలుగులో అచ్చువేయించాడు. 1750లో మద్రాసు పట్నం గురించి ముప్పై సంభాషణల పుస్తకం ఇంగ్లీషులో వచ్చింది, అది మొదట తెలుగులో అల్లినదే. నన్నయ నుంచి తాటాకు మీద ఉన్న భాష మొదటిసారి కాగితం మీద అచ్చయిందంటే అది రాజాస్థానం పుణ్యమా? కాదు. ఏ ప్రబంధమూ కాదు ముందు అచ్చయింది. ప్రశ్నా జవాబుల పుస్తకం అచ్చయింది, అందరూ బట్టీపట్టి చెప్పగలిగేది. పండితులు దీన్ని సాహిత్యం లెక్కలో వెయ్యకపోవడం మాకు ఆశ్చర్యం కాదు. ఐతే అలా అచ్చయిన కాగితం మన వాడలదాకా చేరిందని కూడా చెప్పలేం. మాల మాదిగ పిల్లల చేతికి అచ్చు బైబిలు రావడం 19వ శతాబ్దం మాట. దాని కథ వేరు, దాని మిషన్లు వేరు.

ఇంకో సంగతి దాచకూడదు. తరంగంబాడి చర్చిలో కులం బయట చెప్పులు విప్పి రాలేదు. వెల్లాల క్రైస్తవులు ఒక పక్క, పరయ క్రైస్తవులు ఇంకో పక్క కూర్చున్నారు. 1733లో ఆరోన్ అనే వెల్లాలవాణ్ణి పాస్టరుగా అభిషేకించారు. భారతీయుల్లో మొదటి లూథరన్ పాస్టరు ఆయనే. అప్పటికే రాజనాయకన్ అనే పరయ ఉపదేశి తంజావూరు రాజ్యంలో తిరిగి, దెబ్బలు తిని, ఎందర్నో విశ్వాసంలోకి తెచ్చాడు. సిపాయిగా పనిచేసిన మనిషి. ఆయన యోగ్యతను మిషనరీలే పొగిడారు. కానీ ఆయన చేతిమీదుగా పైకులాల క్రైస్తవులు ప్రభు భోజనం తీసుకోరేమో, ఆ సంస్కారానికే గౌరవం తగ్గుతుందేమో అని వెనకాడారు. రాజనాయకన్ చివరిదాకా ఉపదేశిగానే మిగిలాడు. హాలెలో అంతస్తుల బడి, తరంగంబాడిలో వరుసల చర్చి. ఇక్కడి కులాన్ని చూసి వాళ్ళు తెల్లబోవాల్సింది, తెల్లబోలేదు. ఎవరి అంతస్తు వాళ్ళకని అక్కడ నేర్పుకున్న పాఠమే ఇక్కడ కులానికి సర్దుకుపోయిందని మేం అంటాం. వాదానికి సిద్ధం.

ఒక ఆడమనిషి, ఒక జిప్సీ మనిషి

డొరొథియా ఎర్క్స్‌లేబెన్ కథ హాలె విశ్వవిద్యాలయం ఎక్కువగా చెప్పుకునే కథ. క్వెడ్లిన్‌బుర్గ్ వైద్యుడి కూతురు, తండ్రి దగ్గరే వైద్యం నేర్చుకుంది. 1741లో రాజు రెండో ఫ్రెడెరిక్ ఆమె పరీక్షకు అనుమతి ఇచ్చాడు. 1742లో ఆడవాళ్ళని చదువుకు దూరం పెట్టే కారణాల మీద పుస్తకం రాసింది. ఇంటిపని అనే నెపాన్ని అందులో చీల్చింది. పెళ్ళి, పిల్లలు, రోగులు, ఈ మధ్యలో 1753లో ఊరి డాక్టర్లు ఆమె మీద దొంగవైద్యం కేసు పెట్టారు. 1754లో హాలెలో పరీక్ష రాసి డాక్టరు పట్టా అందుకుంది, జర్మనీలో ఆ పట్టా అందుకున్న మొదటి స్త్రీ. ఆ తర్వాత? ప్రష్యాలో ఆడవాళ్ళు మామూలు విద్యార్థులుగా విశ్వవిద్యాలయంలో చేరడానికి 1908 దాకా ఆగాల్సొచ్చింది. నూటయాభై నాలుగేళ్ళు. ఒకామె కోసం తెరిచిన తలుపు ఆమె వెనకే మూసుకుంది.

1782లో రూడిగర్ అనే హాలె పండితుడు జిప్సీల భాష మీద వ్యాసం వేశాడు. బార్బరా మాకెలిన్ అనే రోమా స్త్రీని కూర్చోబెట్టుకుని ఆమె మాటలు రాసుకున్నాడు. వాటిని షుల్జ్ అచ్చువేయించిన హిందుస్తానీ వ్యాకరణంతో పోల్చాడు. ఆ భాష భారతదేశం నుంచి వచ్చిందని తేల్చాడు. మద్రాసులో మొదలైన పని హాలెలో ఇలా ఫలించింది. రూడిగర్ అక్కడితో ఆగలేదు. ఈ మనుషుల్ని వేటాడటం, తరమటం జ్ఞానోదయ యుగం సిగ్గుపడాల్సిన అన్యాయం అన్నాడు. ఆ శతాబ్దంలో ఇలా రాసినవాళ్ళు అరుదు. ఐతే ప్రచారం దొరికింది రూడిగర్‌కు కాదు, మరుసటేడు పుస్తకం వేసిన గ్రెల్‌మన్‌కు. ఈయన వీళ్ళు ఇండియాలో అట్టడుగు కులంవాళ్ళు, పరియాల వంటివాళ్ళు అన్నాడు. చచ్చిన పశువును తింటారు, మురికివాళ్ళు, దొంగలు అని ఇక్కడి యాత్రికులు మన గురించి రాసిందంతా అక్కడివాళ్ళ మీదికి ఎత్తిపోశాడు. ఆ పుస్తకం ఎన్నో భాషల్లోకి పోయింది. అంటే మనల్ని చూడని మనిషి, మన మీద బ్రాహ్మణ దుబాసీలు తెల్లవాళ్ళకు చెప్పిన మాటలు పట్టుకుని, యూరపులో ఇంకొక జాతిని అంటరానివాళ్ళని చేశాడు. కులం సముద్రం దాటదంటారు. పుస్తకంగా దాటింది. నాజీల కాలంలో సింతి, రోమా జనాన్ని లక్షల సంఖ్యలో చంపారు. రెండు లక్షల నుంచి ఐదు లక్షల దాకా అంచనాలున్నాయి. ఆ హత్యలకు గ్రెల్‌మన్ ఒక్కడే కారణం అనడం చరిత్ర కాదు. ఐతే పుట్టుకతోనే నేరస్తులనే మాటకు శాస్త్రం రంగు పూసింది విశ్వవిద్యాలయాల్లోనే అన్నది మాత్రం చరిత్రే.

తర్వాతి శతాబ్దాన్ని త్వరగా దాటుదాం. 1806లో నెపోలియన్ ఈ విశ్వవిద్యాలయాన్ని మూశాడు. 1810లో బెర్లిన్‌లో కొత్త విశ్వవిద్యాలయం లేచి, ష్లయర్‌మాఖర్ లాంటివాళ్ళని తీసుకుపోయింది. 1817లో హాలె, విట్టెన్‌బెర్గ్ కలిసి ఒకటయ్యాయి. భాషాశాస్త్రంలో పాట్, గణితంలో కాంటర్ పనిచేసింది ఇక్కడే. అనంతాల్లోనూ చిన్నవి పెద్దవి ఉంటాయని కాంటర్ రుజువు చేశాడు. పాట్ 1856లో, జాతుల అసమానతను ప్రచారం చేసిన గొబినో పుస్తకాన్ని ఎదిరిస్తూ రాశాడు. అలాంటి గొంతులూ ఆ గోడల మధ్య ఉన్నాయి.

1933 నవంబరు 10న, లూథర్ పుట్టి 450 ఏళ్ళయిన రోజున, విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. అప్పటికి నాజీలొచ్చి తొమ్మిది నెలలు దాటింది. ఆ వసంతంలోనే యూదు ఆచార్యుల్ని చట్టం చేసి తీసేశారు. న్యాయచరిత్రకారుడు గిడో కిష్, తత్వవేత్త ఎమిల్ ఉటిట్జ్, గణితవేత్త రైన్‌హోల్డ్ బేర్ పదవులు పోగొట్టుకున్నారు. ఉటిట్జ్ తర్వాత టెరెజీన్ నిర్బంధ శిబిరంలో పడి, అక్కడ ఖైదీల గ్రంథాలయం నడిపి బతికి బయటపడ్డాడు. యూదుల మీద 1543లో లూథర్ రాసిన విషం ఆ పేరు పెట్టినవాళ్ళకు తెలియనిదేం కాదు. ఆ పేరు ఇప్పటికీ ఉంది. మేం ఇక్కడ ఒకటి గమనించాం: 1694 నుంచి ఒక్కొక్కరికీ రాజు, డ్యూకు, ఛాన్సలరు ఇస్తూ వచ్చిన అనుమతుల్ని ఒక్క కాగితంతో వెనక్కి తీసుకోవచ్చని 1933 చూపించింది. ఆనాడు యూదులకు అప్పటికే చట్టంలో హక్కుంది గదా అని ఎవరైనా అడగొచ్చు. ఉంది. ఆ హక్కు కోసం వీధిలోకొచ్చే తోటి ఆచార్యులు లేరు.

యుద్ధం తర్వాత తూర్పు జర్మనీలో హాలె ఇంకో ప్రయోగం చూసింది. కార్మిక, రైతు కుటుంబాల పిల్లల్ని విశ్వవిద్యాలయానికి సిద్ధం చేసే ప్రత్యేక విభాగాలు 1949లో వచ్చాయి. తరతరాల ఉప్పు కార్మికుల ఊళ్ళో కార్మికుల పిల్లలు గుంపుగా లోపలికొచ్చారు. ఒక్కొక్కరు కాదు, గుంపుగా. మన రిజర్వేషన్ల గురించి ప్రతిభ పోయిందని ఏడ్చేవాళ్ళు వినాల్సిన ఏడుపులన్నీ అక్కడా ఏడ్చారు. ఐతే అదే రాజ్యం పాస్టర్ల పిల్లల్ని, పార్టీని ప్రశ్నించినవాళ్ళని బయట నిలబెట్టింది. 1953 జూన్ 17న హాలె కార్మికులు రోడ్డెక్కితే ట్యాంకులతో జవాబు చెప్పింది. ఆ విభాగాల్ని 1960ల మొదట్లో దాదాపు అన్నిచోట్లా మూసేశారు. పార్టీ ఇచ్చింది, పార్టీయే తీసేసుకుంది.

ఆమో పేరు మళ్ళీ వినిపించిందీ ఆ కాలంలోనే. స్వతంత్ర ఘానాకు నాయకుడైన ఎన్‌క్రుమా ఆక్సిమ్ ప్రాంతంవాడే, 1964లో తన తాత్విక గ్రంథంలో ఆమోను తలుచుకున్నాడు. మరుసటేడు హాలెలో విశ్వవిద్యాలయం దగ్గర ఒక ఆఫ్రికన్ స్త్రీ, ఒక ఆఫ్రికన్ పురుషుడు నిలబడ్డ శిల్పం పెట్టారు. ఆమోకి గుర్తుగా దాని దగ్గర తర్వాత ఒక ఫలకం వచ్చింది. శిల్పంలో ఉన్నది ఆమో ముఖం కాదు. 1994 నుంచి ఆయన పేర విశ్వవిద్యాలయం ఒక బహుమతి ఇస్తోంది. ఆమో గ్రంథాల్ని, పత్రాల్ని వెతికి 1960ల్లో ప్రచురించిన బుర్‌ఖార్డ్ బ్రెంట్‌యెస్ అనే హాలె పండితుడే, 1984లో షుల్జ్ తెలుగు వ్యాకరణాన్ని సహచరుడితో కలిసి అచ్చులోకి తెచ్చాడు. మద్రాసులో రాసిన 256 ఏళ్ళకు. ఒకే మనిషి చేతిలో ఆక్సిమ్ తత్వశాస్త్రం, మద్రాసు తెలుగు కలుసుకున్నాయి.

1729లో ఆమో చేసిన వాదం పాఠం మాత్రం ఇంకా దొరకలేదు. షుల్జ్ రాసింది దొరికింది. జీగెన్‌బాల్గ్ రాసింది దొరికింది. మిషన్ డైరీలు, ఉత్తరాలు వేల పుటలు ఫ్రాంకె సంస్థల్లో భద్రంగా ఉన్నాయి. యూరపులో నల్లవాళ్ళ హక్కుల మీద ఒక నల్లవాడు రాసిన కాగితం గురించి మనకు మిగిలింది ఆ నవంబరులో హాలె వారపత్రికలో పడిన చిన్న వార్త. అందులో ఆమో మాటలు లేవు. ఆయన ఏమన్నాడో క్లుప్తంగా చెప్పిన ఇంకొకరి మాటలున్నాయి.